ఎలైజా (కంప్యూటర్ ప్రోగ్రాం)

ఎలైజా అనునది టైపు చేసిన మాటలకు బదులిస్తూ మనిషితో సంభాషించినట్లు కనిపించే తొలి కంప్యూటర్ ప్రోగ్రాములలో ఒకటి. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.)లో ఆచార్యుడైన జోసెఫ్ వైజెన్‌బామ్ దీనిని 1964 - 1966 సంవత్సరాల మధ్య రూపొందించాడు. ఈనాటి చాట్‌బాట్‌లన్నిటికీ దీనిని పూర్వీకురాలిగా చెప్పవచ్చు. ఎలైజాకు ఏ మాటకూ అర్థం తెలియదు. ఎదుటివారు టైపు చేసిన వాక్యంలోని కొన్ని పదాలను గుర్తించి, ఆ వాక్యాన్నే కొంచెం మార్చి తిరిగి అప్పగించడమే అది చేసే పని. అయినా దానితో మాట్లాడినవారిలో పలువురు తమ మనసులోని మాటలను దానికి చెప్పుకొన్నారు. యంత్రం పలికిన మాటకు విలువ ఎంత, ఆ మాట వెనుక ఎవరూ లేకపోయినా అది మాటేనా అనే చర్చ అంతకు ముందు పుస్తకాలలో ఉండేది. ఎలైజాతో అది ప్రయోగశాలలోకి వచ్చింది. ఈ ప్రోగ్రామును వ్రాసినవాడే తరువాతి కాలంలో కృత్రిమ మేధస్సుకు గట్టి విమర్శకుడు కావడం దీని చరిత్రలో ముఖ్యమైన విశేషం.

నేపథ్యం

బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ 1950లో 'మైండ్' అనే తాత్త్విక పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. యంత్రాలు ఆలోచించగలవా అనే ప్రశ్నకు సూటిగా సమాధానం వెదకుటకు బదులు ఆయన ఒక ఆటను ప్రతిపాదించాడు. ప్రశ్నలు అడిగే వ్యక్తికి ఎదుటివారు కనిపించరు. టైపు చేసి వచ్చే సమాధానాలను బట్టి ఎవరు మనిషో ఎవరు యంత్రమో అతడు చెప్పాలి. దీనికే తరువాత ట్యూరింగ్ పరీక్ష అని పేరు వచ్చింది. ఈ పరీక్షలో నెగ్గాలన్న లక్ష్యంతో ఎలైజా పుట్టలేదు గాని, దానిని గురించిన చర్చ ఈ పరీక్ష చుట్టూ తిరగడం మాత్రం తప్పలేదు.

వైజెన్‌బామ్ 1923 జనవరి 8న జర్మనీలోని బెర్లిన్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. నాజీల పాలనలో అక్కడ బ్రతకడం కష్టమై ఆ కుటుంబం 1936లో అమెరికా చేరింది. ఆయన డెట్రాయిట్‌లోని వేన్ విశ్వవిద్యాలయంలో గణితం చదివాడు. చదువు మధ్యలో రెండవ ప్రపంచ యుద్ధం రాగా అమెరికా సైనిక విమాన దళంలో వాతావరణ విభాగంలో పని చేశాడు. 1950 దశకంలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో, బ్యాంకు చెక్కుల లెక్కలను కంప్యూటరుకు అప్పగించే తొలి వ్యవస్థల నిర్మాణంలో పాల్గొన్నాడు. 1963లో ఎం.ఐ.టి.లో చేరాడు. భాషల మధ్య పెరిగి, పదమూడవ ఏట కొత్త భాషలోకి మారవలసి వచ్చిన వ్యక్తి మాటలను గురించిన ప్రోగ్రాము వ్రాయడం యాదృచ్ఛికం కాకపోవచ్చును.

ఎలైజాను ఆయన 'మాడ్-స్లిప్' అనే ప్రోగ్రామింగు భాషలో, ఐ.బి.ఎం. 7094 కంప్యూటరు కొరకు వ్రాశాడు. ఇందులో 'స్లిప్' ఆయన స్వయంగా తయారు చేసినదే. ఒకే కంప్యూటరును అనేకమంది ఒకే సమయంలో వాడుకొనే 'టైం షేరింగ్' పద్ధతి ఎం.ఐ.టి.లో అప్పుడే రూపుదిద్దుకొన్నది. అంతకు ముందు చిల్లుల కార్డుల కట్టను ఇచ్చి ఫలితం కొరకు గంటల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. ఇప్పుడు విద్యుత్ టైపురైటరు వంటి పరికరం ముందు కూర్చొని ఒక పంక్తి టైపు చేస్తే, సమాధానం వెంటనే కాగితం మీద అచ్చయ్యేది. సంభాషణ అనే భ్రమ కలగడానికి ప్రోగ్రాము ఎంత కారణమో ఈ ఏర్పాటు కూడా అంత కారణం.

ప్రోగ్రాము వివరాలను వైజెన్‌బామ్ 1966 జనవరిలో 'కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏ.సి.ఎం.' అనే పత్రికలో ప్రచురించాడు.

పేరు

ఎలైజా అనేది జార్జి బెర్నార్డ్ షా వ్రాసిన 'పిగ్మేలియన్' నాటకంలో కథానాయిక పేరు. లండన్ వీధులలో పూలు అమ్ముకొనే ఎలైజా డూలిటిల్‌కు ఒక ధ్వనిశాస్త్ర ఆచార్యుడు ఉన్నత కుటుంబాల ఉచ్చారణ నేర్పి, ఆమెను పెద్దింటి స్త్రీగా నలుగురినీ నమ్మిస్తాడు. కొత్త నియమాలు చేరుస్తూ పోతే ఈ ప్రోగ్రాము కూడా మరింత బాగా మాట్లాడుతుంది కనుక ఆ పేరు పెట్టినట్లు వైజెన్‌బామ్ చెప్పాడు. అయితే షా ఎలైజాకు స్వంత అభిమానం, కోపం, నిర్ణయం ఉన్నాయి. నాటకం చివరి భాగమంతా ఆమె వాటిని బయటపెట్టడమే. కంప్యూటరు ఎలైజాకు ఉచ్చారణ మాత్రమే ఉన్నది. పోలిక ఎంత బాగున్నదో, తేడా కూడా అంత పెద్దది.

పనిచేసే విధానం

ఎలైజాలో రెండు భాగాలు ఉన్నాయి. ఒకటి వాక్యాలను విడగొట్టి తిరిగి కూర్చే యంత్రాంగం. రెండవది 'స్క్రిప్టు', అనగా ఏ పదం వస్తే ఏమి చేయాలో చెప్పే నియమాల పట్టిక. స్క్రిప్టును మారిస్తే ఎలైజా మరొక పాత్ర ధరిస్తుంది. వీటిలో 'డాక్టర్' అనే స్క్రిప్టు ప్రసిద్ధి చెందినది. జనం ఎలైజా అని చెప్పుకొనేది సాధారణంగా దీనినే.

డాక్టర్ స్క్రిప్టు మానసిక వైద్యుని పాత్ర పోషిస్తుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ ప్రవేశపెట్టిన పద్ధతిలో వైద్యుడు సలహాలు ఇవ్వడు, తీర్పులు చెప్పడు. రోగి చెప్పిన మాటనే తిరిగి అతనికి వినిపించి ఇంకా చెప్పేలా చేస్తాడు. వైజెన్‌బామ్ ఈ పాత్రను ఎన్నుకొన్నది తెలివైన కారణంతో. లోకజ్ఞానం ఏమీ లేనట్లు ప్రవర్తించినా సహజంగా కనిపించేది ఇటువంటి వైద్యుడు ఒక్కడే. పడవ షికారుకు వెళ్ళానని రోగి చెబితే, పడవలను గురించి చెప్పమని వైద్యుడు అడగవచ్చు. వైద్యునికి పడవలంటే తెలియదని రోగి అనుకోడు. ఆ ప్రశ్న వెనుక ఏదో ఉద్దేశం ఉన్నదని తానే ఊహించుకొంటాడు. యంత్రంలోని లోటును పూరించేది ఎదుట కూర్చున్న మనిషి.

ప్రోగ్రాము పనిచేసే క్రమం ఇది. ముందుగా వాక్యంలో స్క్రిప్టులోని 'కీలక పదాలు' ఉన్నాయేమో వెదుకుతుంది. ప్రతి కీలక పదానికీ ఒక ప్రాధాన్య సంఖ్య ఉంటుంది. రెండు మూడు దొరికితే ఎక్కువ ప్రాధాన్యం గలదానిని తీసుకొంటుంది. ఆ పదానికి చెందిన నియమం ప్రకారం వాక్యాన్ని ముక్కలు చేస్తుంది. 'నేను', 'నా' వంటి పదాలను 'మీరు', 'మీ' గా మారుస్తుంది. తరువాత ఆ ముక్కలను ముందే సిద్ధంగా ఉంచిన చట్రంలో పొదిగి బదులు ఇస్తుంది. ఒకే కీలక పదానికి పలు చట్రాలు ఉంటాయి; అవి వంతుల వారీగా వస్తాయి కనుక వెంటవెంటనే ఒకే సమాధానం రాదు. ఏ కీలక పదమూ దొరకనప్పుడు 'అలాగా, ఇంకా చెప్పండి' వంటి మాటతో సరిపెడుతుంది.

ఇంకొక చిన్న ఉపాయం కూడా ఉన్నది. 'నా' అనే పదంతో వచ్చిన కొన్ని మాటలను ప్రోగ్రాము దాచిపెట్టుకొని, తరువాత చెప్పడానికి ఏమీ లేనప్పుడు వాటిలో ఒకదానిని బయటికి తీస్తుంది. 1966 వ్యాసంలో అచ్చయిన సంభాషణలో ఒక యువతి తన స్నేహితుడు పట్టుబట్టడం వల్ల అక్కడికి వచ్చానని మొదట్లో చెబుతుంది. తల్లిని గురించి, తండ్రిని గురించి మాటలు సాగిన తరువాత చివరలో ఎలైజా మళ్ళీ ఆ స్నేహితుని ప్రస్తావన తెస్తుంది. చదివేవారికి ఎంతో శ్రద్ధగా విన్న వైద్యుని మాటలా అనిపిస్తుంది. నిజానికి అది చెప్పడానికి ఏమీ దొరకని సమయంలో చేసిన పని.

వ్యాసం ఆరంభంలోనే వైజెన్‌బామ్ ఒక మాట స్పష్టం చేశాడు. యంత్రం పని తీరు తెలియనంత వరకే అది అద్భుతంగా కనిపిస్తుంది. లోపల జరిగేదానిని మామూలు మాటలలో వివరిస్తే ఆ అద్భుతం కరిగిపోతుంది. ఈ భ్రమను తొలగించడానికే వ్యాసం వ్రాస్తున్నట్లు ఆయన ఉద్దేశం. ఈ ఉద్దేశం నెరవేరలేదు.

తెలుగు వాక్యంలో ఇదే పద్ధతి

ఎలైజా నియమాలు ఆంగ్ల వాక్య నిర్మాణానికి తగినట్లు వ్రాసినవి. తెలుగులో అదే పని చేయాలంటే ఏమవుతుందో చూస్తే దాని లోపలి స్వభావం బాగా అర్థమవుతుంది. ఈ వ్యాసం కొరకు కూర్చిన ఒక ఉదాహరణ:

వ్యక్తి: మా అబ్బాయి నాతో సరిగా మాట్లాడటం లేదు.
యంత్రం: మీ అబ్బాయి గురించి ఇంకా చెప్పండి.
వ్యక్తి: నేను ఒంటరిదాన్ని అయిపోయాను.
యంత్రం: మీరు ఒంటరివారు అయిపోయారని ఎప్పటినుండి అనిపిస్తోంది?
వ్యక్తి: ఏమో, తెలియదు.
యంత్రం: దీనికీ మీ అబ్బాయి మాట్లాడకపోవడానికీ సంబంధం ఉన్నదా?

మూడవ సమాధానం చదివినప్పుడు యంత్రానికి ఆ తల్లి బాధ అర్థమైనట్లే తోస్తుంది. జరిగినది మాత్రం 'మా' అనే పదంతో వచ్చిన మాటను దాచి తిరిగి తీయడమే.

ఆంగ్లంలో 'నేను' అనే పదాన్నీ, దాని వెంట వచ్చే సహాయక క్రియనూ మారిస్తే చాలా వాక్యాలకు సరిపోతుంది. తెలుగులో క్రియ చివర కూడా మారాలి: 'అయిపోయాను' కాస్తా 'అయిపోయారు' కావాలి. 'ఒంటరిదాన్ని' అనే పదంలో పురుష, లింగ, వచనాలు మూడూ ఇమిడి ఉన్నాయి. దానిని 'ఒంటరివారు' చేయాలంటే పట్టికలో మాట వెదికితే చాలదు, పదం లోపలికి చూడాలి. ఎదుటివారిని 'నువ్వు' అనాలా 'మీరు' అనాలా అన్నది మరొక చిక్కు. మాట్లాడుతున్నది పెద్దవారో పిల్లలో తెలియని యంత్రానికి 'మీరు' అనడమే క్షేమం.

అన్నిటికంటె చిత్రమైనది 'మేము', 'మనము' అనే భేదం. ఆంగ్లంలో ఈ రెండింటికీ ఒకే పదం. తెలుగు మాట్లాడే వ్యక్తి 'మనం ఇంతకాలం ఓర్చుకొన్నాం' అంటే వింటున్నవారిని కూడా అందులో కలుపుకొన్నట్లు. దానికి యంత్రం ఏమని బదులు ఇవ్వాలి? 'మీరు ఓర్చుకొన్నారా?' అంటే, చేర్చుకొన్నవారిని త్రోసివేసినట్లు. 'మనం ఓర్చుకొన్నాం' అంటే, ఏనాడూ దేనినీ ఓర్చుకోని యంత్రం అబద్ధమాడినట్లు. అద్దంలా తిప్పి చూపే పద్ధతికి ఇక్కడ దారి లేదు. సంభాషణ అంటే మాటల మార్పిడి మాత్రమే కాదు, ఇద్దరి మధ్య ఉన్న బంధాన్ని మాట గుర్తించడం కూడా అని తెలుగు వ్యాకరణం ఈ ఒక్క సర్వనామంతో పట్టి చూపుతున్నది.

ఎలైజా ప్రభావం

ప్రోగ్రామును చూసినవారి ప్రవర్తన వైజెన్‌బామ్‌ను దిగ్భ్రాంతికి గురిచేసింది. 1976లో ప్రచురించిన 'కంప్యూటర్ పవర్ అండ్ హ్యూమన్ రీజన్' అనే గ్రంథంలో ఆయన వీటిని వివరించాడు.

వీటిలో ఎక్కువగా ప్రచారంలోకి వచ్చినది ఆయన కార్యదర్శి ఉదంతం. ఆయన ఆ ప్రోగ్రామును నెలల తరబడి వ్రాస్తూ ఉండగా ఆమె చూస్తూనే ఉన్నది. అది ఒక ప్రోగ్రాము మాత్రమే అని ఆమెకు బాగా తెలుసు. అయినా ఎలైజాతో కొద్ది మాటలు మాట్లాడగానే, కాసేపు గది బయటికి వెళ్ళమని ఆయనను కోరింది. మరొకసారి, ఎలైజాతో జరిగే సంభాషణలన్నిటినీ భద్రపరచి పరిశీలించాలని ఆయన అనుకొన్నాడు. ఇతరుల ఆంతరంగిక విషయాలను దొంగచాటుగా వినడమే అవుతుందని వెంటనే అభ్యంతరాలు వచ్చాయి. యంత్రంతో మాట్లాడుతున్నవారు ఆంతరంగికంగానే మాట్లాడుతున్నారని ఆయనకు అప్పుడు తెలిసివచ్చింది.

ఆయనను ఇంతకంటె కలవరపెట్టినది మానసిక వైద్యుల స్పందన. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మానసిక వైద్యుడు కెన్నెత్ కోల్బీ, అతని సహచరులు ఇటువంటి ప్రోగ్రాములను వైద్యానికి ఉపయోగించవచ్చునని 1966లోనే ప్రతిపాదించారు. వైద్యుల కొరత ఉన్న చోట ఒకే కంప్యూటరు అనేకమందికి సేవ చేయగలదని వారి వాదన. ఒక వైద్యుడు తన వృత్తిని గురించి ఇంతగా తక్కువ అంచనా వేసుకొనగలడా అని వైజెన్‌బామ్ ఆశ్చర్యపోయాడు. రోగి బాధను వైద్యుడు స్వయంగా తన అనుభవంతో గుర్తించడమే చికిత్సకు ఆధారమని ఆయన నమ్మకం. ఇక మూడవది, యంత్రాలకు మానవ భాష అర్థమయ్యే మార్గాన్ని ఎలైజా చూపినదని కొందరు నమ్మడం.

కంప్యూటరు మాటల వెనుక లేని అవగాహనను, లేని భావాలను ఉన్నట్లు మనిషి ఊహించుకోవడాన్ని 'ఎలైజా ప్రభావం' అంటారు. 1995లో డగ్లస్ హాఫ్‌స్టాడ్టర్ తన గ్రంథంలో దీనిని విస్తారంగా చర్చించాడు. తెలిసి కూడా లోబడటం ఈ ప్రభావంలోని లక్షణం. తోలుబొమ్మలాటలో తెర మీద బొమ్మ ఏడిస్తే ప్రేక్షకుడూ కంటతడి పెడతాడు, అది తోలు అని తెలిసినా. అయితే తెర వెనుక పాడుతూ ఏడ్చే మనిషి ఒకడు ఉన్నాడు. ఎలైజా తెర వెనుక ఎవరూ లేరు.

వైజెన్‌బామ్ విమర్శ

1976 గ్రంథంలో వైజెన్‌బామ్ అడిగిన ప్రశ్న కంప్యూటర్లు ఏమి చేయగలవు అన్నది కాదు. వాటికి ఏ పనులు అప్పగించకూడదు అన్నది. లెక్క ప్రకారం తేల్చడం వేరు, బాధ్యత వహించి ఎంచుకోవడం వేరు అని ఆయన విడదీశాడు. మొదటిది యంత్రానికి సాధ్యం. రెండవది మనిషిగా బ్రతికిన అనుభవం నుండి మాత్రమే వస్తుంది. కనుక సాటి మనిషి పట్ల గౌరవం, అవగాహన, ప్రేమ అవసరమైన స్థానాలలో యంత్రాన్ని కూర్చోబెట్టడం అది సాధ్యమైనా కూడా తప్పే అని వాదించాడు. నాజీ జర్మనీ నుండి బయటపడిన కుటుంబంలోని వాడు కావడం వల్ల, మనిషిని ఒక వస్తువుగా లెక్కించే ఆలోచన ఎక్కడికి దారితీస్తుందో అన్న భయం ఆయన రచనలలో తరచుగా కనిపిస్తుంది.

'కృత్రిమ మేధస్సు' అనే ఆంగ్ల పదబంధాన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ మెకార్తీ ఈ గ్రంథాన్ని తీవ్రంగా విమర్శిస్తూ సమీక్ష వ్రాశాడు. ఇందులో నీతిబోధ ఎక్కువ, తర్కం తక్కువ అని అతని అభిప్రాయం. ఈ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. యంత్రం వల్ల రోగికి మేలు జరిగితే అది ఎందుకు తప్పు అనే ప్రశ్నకు ఆ గ్రంథంలో సూటి సమాధానం దొరకదు. కాని, మేలును ఎలా కొలవాలి అన్న వైజెన్‌బామ్ ఎదురుప్రశ్న కూడా అలాగే నిలిచి ఉన్నది.

వైజెన్‌బామ్ 1996లో తాను పుట్టిన బెర్లిన్ నగరానికి తిరిగి వెళ్ళి, 2008 మార్చి 5న మరణించాడు. 2017లో స్థాపించిన అక్కడి ఒక పరిశోధనా సంస్థకు ఆయన పేరు పెట్టారు.

వ్యాప్తి, అసలు ప్రతి

ఎలైజాను లిస్ప్ భాషలో వ్రాశారని చాలాకాలం చాలామంది అనుకొన్నారు. ఇందుకు కారణం బెర్నీ కోసెల్ వ్రాసిన లిస్ప్ రూపం ఆనాటి ఆర్పానెట్ ద్వారా విశ్వవిద్యాలయాలకు వ్యాపించడమే. 1973లో జెఫ్ ష్రాగర్ అనే విద్యార్థి బేసిక్ భాషలో ఒక చిన్న రూపం వ్రాశాడు. అది 1977లో 'క్రియేటివ్ కంప్యూటింగ్' పత్రిక ద్వారా ఇళ్ళలోని చిన్న కంప్యూటర్లకు చేరింది.

కోల్బీ 1972లో 'ప్యారీ' అనే ప్రోగ్రాము వ్రాశాడు. ఇది వైద్యుడు కాదు, అందరినీ అనుమానించే రోగి. అదే సంవత్సరం ఆర్పానెట్ మీద ప్యారీకీ డాక్టర్‌కూ మధ్య సంభాషణ జరిపించారు. రోగీ యంత్రమే, వైద్యుడూ యంత్రమే. ఆ సంభాషణ నేటికీ చదవడానికి దొరుకుతుంది. నవ్వు తెప్పిస్తుంది గాని ఎక్కడికీ చేరదు.

ఎలైజా అసలు ప్రోగ్రాము పాఠం దశాబ్దాలపాటు కనిపించలేదు. 2021లో ఎం.ఐ.టి. గ్రంథాలయ భాండాగారంలోని వైజెన్‌బామ్ కాగితాలలో దాని అచ్చు ప్రతి దొరికింది. వెదికినవారిలో ఒకరు పైన చెప్పిన జెఫ్ ష్రాగరే. 2024 డిసెంబరులో, పాత ఐ.బి.ఎం. 7094 వలె పనిచేసే సాఫ్ట్‌వేరు మీద దానిని మళ్ళీ నడిపించగలిగారు.

సృజన రంగంలో ఇదే ప్రశ్న

సంభాషణలో ఎలైజా లేవనెత్తిన ప్రశ్ననే సంగీతంలో డేవిడ్ కోప్ అనే అమెరికన్ స్వరకర్త ప్రోగ్రాము లేవనెత్తింది. 1980 దశకం ఆరంభంలో తన రచన ముందుకు సాగకపోవడంతో ఆయన ఈ ప్రోగ్రామును మొదలుపెట్టాడు. ఒక స్వరకర్త రచనలను విశ్లేషించి, వాటి శైలిలో కొత్త రచనలు చేయడం దాని పని. 1997లో ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో శ్రోతలకు మూడు రచనలు వినిపించారు: ఒకటి బాఖ్ రచన, ఒకటి ఈ ప్రోగ్రాముది, మూడవది స్టీవ్ లార్సన్ అనే ఆచార్యుడు బాఖ్ శైలిలో చేసినది. శ్రోతలు ప్రోగ్రాము రచనను బాఖ్ రచనగా భావించి, లార్సన్ రచనను యంత్రానిదిగా నిర్ణయించారు. హాఫ్‌స్టాడ్టర్ దీనికి చాలా కలత చెందాడు.

ఎలైజాలాగే ఇక్కడ కూడా అర్థాన్ని పూరించినది వినేవారే. అయితే ఒక భేదం ఉన్నది. ఆ ప్రోగ్రాముకు ఇచ్చిన ముడిసరుకు బాఖ్ స్వయంగా వ్రాసిన సంగీతమే కనుక, శ్రోతల హృదయాన్ని తాకినది కొంతవరకు బాఖ్ అనే అనవచ్చు. నేటి భాషా నమూనాలు కోట్లాది మనుషులు వ్రాసిన పాఠాల నుండి నేర్చుకొన్నవే. వాటి మాటలలోని ఆర్ద్రత ఎవరిది అన్న ప్రశ్నకు కూడా ఇదే సమాధానంలో సగం దొరుకుతుంది.

ఇటీవలి పరిణామాలు

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైన తరువాత ఎలైజా పేరు మళ్ళీ వినవస్తున్నది. కొత్త నమూనాలకూ ఎలైజాకూ నిర్మాణంలో పోలిక లేదు. ఎలైజా నియమాలను మనిషి చేతితో వ్రాశాడు. కొత్తవి అపారమైన పాఠ్యం నుండి గణాంక పద్ధతిలో నేర్చుకొంటాయి. అయినప్పటికీ శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ట్యూరింగ్ పరీక్ష నడిపినప్పుడు పోలిక కొరకు ఎలైజాను కూడా చేర్చారు. 2023లో వెలువడిన తొలి ఫలితాలలో ఎలైజాను మనిషి అనుకొన్నవారు 27 శాతం, జీపీటీ-3.5 కు 14 శాతమే వచ్చింది. 2025లో వెలువడిన ఫలితాలలో మనిషిలా నటించమని ఆదేశించిన జీపీటీ-4.5 ను 73 శాతం సందర్భాలలో మనిషి అనుకొన్నారు. ఎలైజాకు 23 శాతం వచ్చింది. అరవై ఏళ్ళనాటి ప్రోగ్రామును నలుగురిలో ఒకరు ఇంకా మనిషి అనుకోవడం గమనార్హం. తక్కువ మాట్లాడటం, ఏ సహాయమూ చేయకపోవడం దానికి కలిసివచ్చాయి. యంత్రమైతే ఇంత విముఖంగా ఉండదని కొందరు భావించారు.

ఎలైజా చర్చకు నేరుగా చెందిన సంఘటన 2023 జనవరిలో వెలుగులోకి వచ్చింది. ఒకరి బాధకు మరొకరు ఓదార్పు వ్రాసే కోకో అనే ఆన్‌లైన్ సేవలో, ఓదార్పు సందేశాలను జీపీటీ-3 సాయంతో తయారు చేసి సుమారు 4,000 మందికి అందించినట్లు ఆ సంస్థ స్థాపకుడు వెల్లడించాడు. ఆ సందేశాలకు మనుషులు మాత్రమే వ్రాసిన వాటికంటె ఎక్కువ మెప్పు లభించింది. యంత్రం పాత్ర ఉన్నదని తెలిసిన తరువాత మాత్రం అవి పనిచేయలేదని ఆయనే చెప్పాడు. ముందుగా అందరి అనుమతి తీసుకొన్నారా అన్న విషయం మీద విమర్శలు వచ్చాయి.

మన గ్రామాలలో ఒకప్పుడు చదువురాని తల్లి దూరానున్న కొడుకుకు ఉత్తరం వ్రాయాలంటే బడి పంతులు చేతనో పోస్టుమాన్ చేతనో వ్రాయించేది. వాక్యాలు పంతులువి. 'ఇచ్చట మేమంతా క్షేమం' అన్నది అందరి ఉత్తరాలలోనూ ఉండే మాటే. అయినా ఆ ఉత్తరం తల్లిదే. వ్రాసినది మరొకరని కొడుకుకు తెలుసు, చెప్పినది తల్లి అనీ తెలుసు. కోకో సందేశాలలో లోపించినవి ఈ రెండూ. కనుక పదాలు ఎవరు కూర్చారు అన్నదానికంటె, ఆ పదాలకు పూచీ పడే మనిషి ఉన్నాడా, చదివేవారికి ఆ సంగతి దాచకుండా చెప్పారా అన్నవి అడగవలసిన ప్రశ్నలు.

చట్టాలు ఈ రెండవ ప్రశ్నతోనే మొదలయ్యాయి. కాలిఫోర్నియా రాష్ట్రం 2018లో చేసిన చట్టం ప్రకారం, అమ్మకాలకు గాని ఎన్నికలలో ఓట్లను ప్రభావితం చేయడానికి గాని యంత్రాన్ని మనిషిగా చూపి మోసగించరాదు. ఇది 2019 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. 2024లో ఐరోపా సమాఖ్య ఆమోదించిన కృత్రిమ మేధస్సు చట్టంలోనూ, తాము మాట్లాడుతున్నది యంత్రంతో అని వాడుకరులకు తెలియజేయాలన్న నిబంధన ఉన్నది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2025 ఆగస్టులో మరొక అడుగు ముందుకు వేసి, కృత్రిమ మేధస్సు స్వతంత్రంగా మానసిక చికిత్స అందించడాన్ని నిషేధించింది. కార్యాలయ పనులకు దానిని వాడుకొనేందుకు లైసెన్సు ఉన్న వైద్యులకు అనుమతి ఉన్నది.